గుద్ది పారిపోయిన కంపెనీ బండి: బాధితులకు చట్టం చూపే దారులు

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో మామూలుగా వెన్న శాతం గురించి, దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి చెప్పుకుంటాం. ఈ పూట రోడ్డు గురించి చెప్పుకుందాం. పాడి రైతుకు పశువు ఎంత ముఖ్యమో, పాలు నడిచే దారి కూడా అంత ముఖ్యం. నల్లగొండ వైపు నుంచి వచ్చే పాలు చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ చేరతాయి. అక్కడి నుంచి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దారిన నగరంలోకి పోతాయి. పెద్దవాళ్ళు ఇప్పటికీ దీన్ని తొమ్మిదో నంబరు రోడ్డు అంటారు. ఇప్పుడది అరవై అయిదో నంబరు జాతీయ రహదారి. 2018 సెప్టెంబరు నుంచి ఈ దారి మీదుగా ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడుస్తున్నది. పైన రైలు నడిచినా కింద లారీ, బస్సు, ఆటో, కంపెనీ వ్యాను, పాల బండి, నడిచిపోయే మనిషి అందరిదీ ఒకే దారి.

మన సభ్యులు ఈ దారిన పాల కోసమే రారు. పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లలో చేర్చడానికి వస్తారు, ఆసుపత్రికి వస్తారు, ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు వస్తారు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు దిగి రోడ్డు దాటుతూ వుండగా ఏదో కంపెనీ వ్యాను గుద్ది ఆగకుండా పోతే ఏం చేయాలి? కేసు ఎవరి మీద? డబ్బు ఎవరిస్తారు? డ్రైవరు దొరకకపోతే ఇంతేనా? ఈ ప్రశ్నలకు చట్టంలో జవాబులు వున్నాయి. అవి తెలియకపోవడం వల్ల నష్టపోయే కుటుంబాలే ఎక్కువ.

మొదట తెలుసుకోవలసిన తేడా

గుద్ది పారిపోయిన ప్రతి కేసునూ మనం “హిట్ అండ్ రన్” అంటాం. చట్టం అలా అనదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను ప్రకారం, తగిన ప్రయత్నం చేసినా బండి ఏదో తేలని ప్రమాదమే హిట్ అండ్ రన్. డ్రైవరు పారిపోయినా బండి నంబరు తెలిస్తే, ఆ బండి ఫలానా కంపెనీదని తేలితే, పరిహారం విషయంలో అది మామూలు మోటారు ప్రమాదం కిందికే వస్తుంది. అప్పుడు యజమాని మీద, బీమా కంపెనీ మీద పూర్తి నష్టపరిహారానికి దావా వేయవచ్చు.

ఈ తేడా మాటల తేడా కాదు, లక్షల తేడా. బండి తేలకపోతే మరణానికి 2,00,000 రూపాయలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు మాత్రమే వస్తాయి. బండి తేలితే ఎంత వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం.

ముప్పయి ఎనిమిదేళ్ళ పాడి రైతు చనిపోయాడనుకుందాం. ఖర్చులు పోను అతని ఆదాయం నెలకు 15,000 రూపాయలని రుజువయిందనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మొత్తం నలుగురు అతని మీద ఆధారపడ్డవాళ్ళు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో లెక్క కట్టే పద్ధతిని స్థిరపరచింది. దాని ప్రకారం ఏడాది ఆదాయం 1,80,000. సొంత పని చేసుకునే, నలభై ఏళ్ళ లోపు మనిషి కనుక ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద నూటికి నలభై వంతులు కలుపుతారు. అప్పుడది 2,52,000 అవుతుంది. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే 1,89,000 మిగులుతుంది. ఆ వయసుకు గుణకం 15. గుణిస్తే 28,35,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం.

ఒక పక్క రెండు లక్షలు, మరో పక్క ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. ఈ రెంటి మధ్య వున్నది బండి నంబరు. అందుచేత మొదటి రోజు నుంచే మన శ్రమ అంతా బండిని పట్టుకోవడం మీద పెట్టాలి.

మొదటి గంట, మొదటి రోజు

అన్నిటికన్నా ముందు ప్రాణం. 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేని చికిత్స పథకం అమలులోకి వచ్చింది. దాని కింద గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, మనిషికి లక్షా యాభై వేల రూపాయల దాకా చికిత్స జరుగుతుంది. గుద్దిన బండి తెలిసినా తెలియకపోయినా ఇది వర్తిస్తుంది. ఆసుపత్రి వాళ్ళను పథకం పేరు చెప్పి అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చితే పోలీసుల చుట్టూ తిరగాలేమోనని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. 2019లో చేర్చిన 134-ఏ సెక్షను, మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ ఇచ్చింది. ఆ సాయం చేసినందుకు వారి మీద కేసు వుండదు. పేరు, చిరునామా చెప్పి తీరాలన్న బలవంతమూ లేదు. కాని బండిని కళ్ళారా చూసినవారు ముందుకు వచ్చి సాక్ష్యం చెబితే ఒక కుటుంబం నిలబడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

చూసినవారు బండి నంబరు మొత్తం చదవలేకపోవచ్చు. చివరి నాలుగు అంకెలు, బండి రంగు, వెనుక తలుపు మీద రాసిన కంపెనీ పేరు, సరుకు బొమ్మ, ఫోను నంబరు, వీటిలో ఏ ఒక్కటి దొరికినా చాలు. కంపెనీ బండ్లకు ఒంటి మీదే ప్రకటన వుంటుంది. అదే వాటిని పట్టిస్తుంది. చూసిన మాటను అక్కడికక్కడే కాగితం మీద రాసుకోవాలి. రేపటికి మనసులో అంకెలు తారుమారవుతాయి.

పోలీసు ఠాణాలో

మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా ఒకటే రోడ్డు అయినా, మలక్‌పేట, చైతన్యపురి, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి ఠాణాల హద్దులు మారుతూ పోతాయి. “ఇది మా పరిధి కాదు, అవతలి ఠాణాకు పొండి” అనే మాట వినవలసి రావచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. తర్వాత సరైన ఠాణాకు వాళ్ళే పంపిస్తారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే పై అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

ఫిర్యాదులో చోటు స్పష్టంగా రాయాలి. “దిల్‌సుఖ్‌నగర్ దగ్గర” అని వదిలేయకుండా, ఏ మెట్రో స్టేషను మెట్ల దగ్గర, మెట్రో ఎన్నో స్తంభం దగ్గర, ఏ పెట్రోలు బంకు ఎదురుగా, ఏ వైపు పోతున్న బండి అన్నది రాయాలి. మెట్రో స్తంభాలకు నంబర్లు వుంటాయి కనుక చోటు గుర్తించడం తేలిక.

పోలీసుల మీద చట్టం పెట్టిన బాధ్యతలు కూడా తెలిసి వుండాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి ప్రమాదం తెలిసిన 48 గంటలలోపు తొలి నివేదికను క్లెయిముల ట్రిబ్యునలుకు పంపాలి. 90 రోజుల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికనే ట్రిబ్యునలు పరిహార దరఖాస్తుగా తీసుకోవచ్చు. ఈ నియమాలను అమలు జరిపి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. కనుక “తొలి నివేదిక పంపారా?” అని దర్యాప్తు అధికారిని మర్యాదగా అడిగే హక్కు మనకు వుంది.

బండిని పట్టుకోవడం

ఈ రోడ్డు మీద దుకాణాల కెమెరాలు, పెట్రోలు బంకుల కెమెరాలు, చౌరస్తాల్లో పోలీసు కెమెరాలు చాలా వున్నాయి. అయితే దుకాణం కెమెరాలో బొమ్మ కొన్నాళ్ళే నిలుస్తుంది. పాత దాని మీద కొత్తది పడిపోతుంది. అందుచేత మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఫలానా ఫలానా చోట్ల కెమెరా బొమ్మలు భద్రపరచమని దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. బండి విజయవాడ వైపు పోయి వుంటే చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోలుగేటులో ఫాస్టాగ్ లెక్క వుంటుంది. ఏ బండి ఏ సమయానికి దాటిందో అందులో తేలుతుంది.

నంబరు దొరికాక యజమాని పేరు, బీమా వివరాలు రవాణా శాఖ రికార్డులో వుంటాయి. కంపెనీ వాళ్ళు “ఆ రోజు ఎవరు నడిపారో మాకు తెలియదు” అంటే అది చెల్లదు. 133వ సెక్షను ప్రకారం, పోలీసులు అడిగినప్పుడు డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు యజమాని ఇచ్చి తీరాలి. కంపెనీలో డ్యూటీ రిజిస్టరు వుంటుంది, సరుకు బయటికి పంపిన చలాను వుంటుంది, గేటు దగ్గర రాకపోకల పుస్తకం వుంటుంది. ఆ కాగితాలు స్వాధీనం చేసుకోవాలని పోలీసులను కోరాలి.

కంపెనీ చెప్పే సాకులు

డ్రైవరు పేదవాడు, అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ వుండదు. అందుకే చట్టం యజమానిని కూడా నిలబెట్టింది. పనివాడు పనిలో భాగంగా చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. ఇక బీమా, థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు. కనుక దావాలో డ్రైవరు, యజమాని అయిన కంపెనీ, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి.

సాధారణంగా మూడు సాకులు వినిపిస్తాయి.

ఒకటి, “అతను అప్పుడు డ్యూటీలో లేడు, మా డ్రైవరు కూడా కాదు.” ఈ మాట పాతదే. 1966లో సీతారాం మోతీలాల్ కేసులో డ్రైవరు కాక క్లీనరు తన లైసెన్సు పరీక్ష కోసం నడిపాడు కనుక యజమాని బాధ్యుడు కాడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1977లో పుష్పాబాయి కేసు వచ్చింది. కంపెనీ కారును దాని మేనేజరే నడుపుతుండగా ప్రమాదం జరిగి, కారులో వున్న మనిషి చనిపోయాడు. మేనేజరు కంపెనీ పని మీదే వున్నాడని తేల్చి కంపెనీనే బాధ్యురాలిని చేసింది సుప్రీంకోర్టు. అందుకే చలాను, డ్యూటీ రిజిస్టరు ముఖ్యమని చెబుతున్నాం. బండిలో సరుకు వుంటే, అది తిరిగే వేళా దారీ కంపెనీ పనికి సరిపోతే, డ్యూటీలో లేడనే మాట నిలవడం కష్టం.

రెండు, “బండి మాది కాదు, కంట్రాక్టరుది. మా పేరు మాత్రమే రాసి వుంది.” లేదా “ఎప్పుడో అమ్మేశాం.” 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరు వుంటే వారే యజమాని. చేతులు మారిన కథంతా బాధితుడు తవ్వుకోనక్కరలేదు. కంట్రాక్టరు బండి అయితే కంట్రాక్టరును, అతని బీమా కంపెనీని తప్పక చేర్చాలి. బండి నడక కంపెనీ అదుపులో వున్నదనే ఆధారం వుంటే కంపెనీని కూడా చేర్చాలి. ఎవరెంత ఇవ్వాలన్నది ట్రిబ్యునలు తేలుస్తుంది.

మూడు, “డ్రైవరుకు సరైన లైసెన్సు లేదు కనుక బీమా వర్తించదు.” 2004లో స్వరణ్ సింగ్ కేసులో దీనికి దారి చూపారు. అట్టి సందర్భాల్లో బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునలు ఆదేశించవచ్చు. అసలు బీమానే లేకపోతే సొమ్ము యజమానే కట్టాలి. కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేయించే వీలు 174వ సెక్షనులో వుంది.

రెండు దారులు, ఒకటే ఎంచుకోవాలి

బండి తేలినప్పుడు పరిహారానికి రెండు దారులు. 164వ సెక్షను కింద ఎవరి తప్పు అన్న విచారణ లేకుండా మరణానికి 5,00,000, తీవ్ర గాయానికి 2,50,000 రూపాయలు. 166వ సెక్షను కింద డ్రైవరు నిర్లక్ష్యం చూపించి, ఆదాయాన్ని బట్టి పూర్తి పరిహారం. మొదటిది త్వరగా తేలవచ్చు, రెండోది పెద్ద మొత్తం కావచ్చు. ఒకటి పుచ్చుకుంటే రెండోది పోతుంది. బీమా కంపెనీ రాజీకి ఒక అంకె చెబితే, పైన మనం వేసుకున్న లెక్క పక్కన పెట్టి చూసుకోవాలి. చదవకుండా, వకీలుకు చూపకుండా వేలిముద్ర వేయకూడదు.

నిర్లక్ష్యం రుజువు చేయాలంటే క్రిమినలు కోర్టులో మాదిరి గట్టి సాక్ష్యం అక్కరలేదు. జరిగి వుండడానికే ఎక్కువ అవకాశం వున్నదని తేలితే చాలునని 2009లో బిమలాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినలు కేసులో డ్రైవరు విడుదలయినంత మాత్రాన పరిహార దావా కొట్టుకుపోదు.

ఆదాయం రుజువు దగ్గర చాలామంది కూలివారు, చిల్లర వ్యాపారులు దెబ్బతింటారు. జీతం కాగితం వుండదు. మన సభ్యుడికి ఆ బాధ లేదు. సంఘంలో పాలు పోసిన లెక్క వుంది, పదిహేను రోజులకొకసారి బిల్లు వుంది, బ్యాంకు ఖాతాలో జమ వుంది. ఇది కోర్టు నమ్మే కాగితం. అయితే పాల డబ్బంతా ఆదాయం కాదు. దాణా, మందుల ఖర్చు పోగా మిగిలిందే లెక్కకు వస్తుంది.

ఇంకో మాట సోదరీమణులకు. ఇంట్లో పాడి పని సగానికి పైగా మీ చేతుల మీదే జరుగుతుంది. కాని సభ్యత్వం మాత్రం చాలా ఇళ్ళలో మగవారి పేరనే వుంటుంది. ఇల్లాలి పనికి కూడా విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2001లో లతా వాధ్వా కేసులోను, 2021లో కీర్తి కేసులోను చెప్పింది. మీ పేరున సభ్యత్వం, మీ పేరున ఖాతా వుంటే ఆ విలువకు కాగితం తోడవుతుంది.

ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి

ప్రమాదం ఎల్.బి.నగర్‌లో జరిగినా అక్కడే దావా వేయాలని లేదు. ప్రమాదం జరిగిన చోటు ట్రిబ్యునలులో గాని, బాధితులు నివసించే చోటు ట్రిబ్యునలులో గాని, ప్రతివాది వుండే చోటు గాని వేయవచ్చు. నల్లగొండ జిల్లా సభ్యుని కుటుంబం నల్లగొండలోనే వేసుకోవచ్చు. ప్రతి వాయిదాకూ బస్సు చార్జీలు పెట్టుకుని నగరానికి రానక్కరలేదు.

గడువు విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. 1994 నుంచి దావాకు గడువు లేకుండా వుండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నియమం మళ్ళీ వచ్చింది. ఈ నియమం చెల్లుబాటు గురించి సుప్రీంకోర్టుకు పోయారు. కనుక ఆరు నెలలు దాటినవారు కూడా ఆశ వదులుకోక వకీలును అడగాలి. అయినా దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందంగా మన వ్యవహారం వుండకూడదు.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం కలవారికి ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

బండి ఎంతకూ తేలకపోతే

ఇలాంటి బాధితులకు మన దేశంలో మొదటిసారి పరిహారం ఏర్పాటు చేసింది 1982 సవరణ. అప్పుడు మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000 రూపాయలు. 1988 చట్టంలో 8,500, 2,000 అయ్యాయి. 1994లో 25,000, 12,500 అయ్యాయి. 2022 ఏప్రిల్ నుంచి 2,00,000, 50,000 అయ్యాయి.

దరఖాస్తు పద్ధతి కష్టం కాదు. ప్రమాదం జరిగిన ప్రాంతపు ఆర్.డి.ఓ. లేదా తహసీల్దారు స్థాయి అధికారి క్లెయిముల విచారణాధికారిగా వుంటారు. నిర్ణీత ఫారంలో దరఖాస్తు, దానికి జతగా ఎఫ్.ఐ.ఆర్. నకలు, మరణమయితే శవపరీక్ష నివేదిక, గాయమయితే ఆసుపత్రి కాగితాలు, గుర్తింపు పత్రం, బ్యాంకు పాసుబుక్కు నకలు ఇవ్వాలి. విచారణాధికారి నెలలోపు నివేదిక పంపాలి. కలెక్టరు పదిహేను రోజుల్లో మంజూరు చేయాలి. తర్వాత పదిహేను రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ సొమ్ము ఖాతాలో వేయాలి. ఆ తర్వాత బండి తేలి వేరే పరిహారం వస్తే ఈ సొమ్ము మినహాయించుకుంటారు. కనుక ఇది పుచ్చుకున్నంత మాత్రాన బండిని వెతకడం మానకూడదు.

ఇంత తేలికైన పథకాన్ని వాడుకునేవారు ఎందరు? 2022లో దేశంలో 67,387 హిట్ అండ్ రన్ ప్రమాదాలు నమోదయ్యాయి. 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కారమైనవి 95. ఈ అంకెలు చూసి సుప్రీంకోర్టు 2024 జనవరిలో రాజశేఖరన్ కేసులో ఆదేశాలిచ్చింది. నెలలోపు బండి తేలకపోతే, పథకం గురించి పోలీసులే బాధితులకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి, విచారణాధికారి వివరాలు ఇవ్వాలి. డబ్బు వుంది, చట్టం వుంది, అడిగేవారు లేరు. ఊళ్ళో అడిగించగలిగింది మన సంఘమే.

డ్రైవరు శిక్ష సంగతి

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను మొదటి భాగం ప్రకారం నిర్లక్ష్యంతో మరణం కలిగిస్తే అయిదేళ్ళ దాకా జైలు. పాత చట్టంలో రెండేళ్ళే వుండేది. పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా అన్నది రెండో భాగం. దాని మీదే 2024 జనవరి మొదట్లో ట్యాంకరు డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాదు పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. డ్రైవర్ల సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని కేంద్రం అన్నది. జూలైలో మిగతా చట్టం అమలులోకి వచ్చినా ఆ రెండో భాగాన్ని పక్కన పెట్టారు. అంతమాత్రాన పారిపోవడం తప్పు కాకుండా పోలేదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు ఆగాలి, వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 187వ సెక్షను కింద శిక్ష వేరే వుంది.

శిక్ష వేరు, పరిహారం వేరు. కంపెనీ మనిషి ఆసుపత్రి దగ్గరికి వచ్చి ఖర్చులకని కొంత చేతిలో పెట్టి, “కేసు వద్దు” అని స్టాంపు కాగితం మీద సంతకం అడగవచ్చు. దుఃఖంలో వున్న ఇల్లు, చేతిలో చిల్లిగవ్వ లేని పూట, ఆ సంతకం సులువుగా పడిపోతుంది. వైద్యానికి సాయం చేస్తే పుచ్చుకోవచ్చు. అందుకు రసీదు ఇవ్వవచ్చు. హక్కులన్నీ వదులుకున్నట్లు రాసిన కాగితం మీద మాత్రం సంతకం చేయకూడదు. అటువంటి వేళ ఆ ఇంటి పక్కన సంఘం కార్యదర్శి నిలబడి వుండాలి.

మన బండ్ల మాట కూడా చెప్పుకోవాలి

మనం కూడా బండ్లు నడిపిస్తున్నాం. అద్దెకు తీసుకున్న పాల వ్యాన్లు వున్నాయి, ట్యాంకర్లు వున్నాయి. చీకటితో బయలుదేరి, వేళకు డెయిరీకి చేరాలన్న తొందరలో పరుగెత్తేవి మన బండ్లే. వాటి కింద ఎవరైనా పడితే పైన చెప్పినదంతా మనకూ వర్తిస్తుంది.

అందుచేత ప్రతి డ్రైవరుకూ చెప్పండి: ప్రమాదం జరిగితే ఆగాలి. జనం కొడతారన్న భయం నిజంగా వుంటే, ఆగకపోవడానికి చట్టం ఆ మినహాయింపు ఇచ్చింది, కాని ఇంటికి పారిపోవడానికి ఇవ్వలేదు. దగ్గరలోని ఠాణాకు పోయి చెప్పాలి, 108కి ఫోను చేయాలి. వేళ తప్పితే పాలు విరిగిపోతాయి గాని ఆ నష్టం తీర్చుకోగలం. మనిషి ప్రాణం తీర్చుకోలేం.

బండి అద్దెకు తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషను, బీమా, ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు నాలుగూ చూసి, నకళ్ళు ఫైలులో పెట్టుకోండి. పాల వ్యానులో ఊరి జనాన్ని ఎక్కించుకోవడం మానిపించండి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు యజమానిగా వెంట వెళ్ళేవారి సంగతి వేరు. డ్రైవరే గాయపడితే చట్టం కింద అతనికి పరిహార హక్కు వున్నదని కూడా అతనికి చెప్పండి.

సంఘాలు చేయవలసిన పని

చివరిగా, ప్రతి సంఘమూ ఈ చిన్న ఏర్పాట్లు చేసుకోవాలని కోరుతున్నాం. 108, 112, 15100 నంబర్లు పాల సేకరణ కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సభ్యుల పాల లెక్కలు, బిల్లులు కనీసం మూడేళ్ళవి భద్రపరచండి. ఏ సభ్యుడి ఇంట ప్రమాదం జరిగినా కార్యదర్శి వారంలోపు ఆ ఇంటికి పోయి ఎఫ్.ఐ.ఆర్. నకలు వచ్చిందా, ఆసుపత్రి కాగితాలు వున్నాయా, కెమెరాల కోసం దరఖాస్తు ఇచ్చారా అని అడిగి రావాలి. ప్రమాదం తేదీని సంఘం పుస్తకంలో రాసి, ఆరు నెలల గడువు ఎప్పటికి తీరుతుందో పక్కనే గుర్తు పెట్టాలి.

పశువుకు జ్వరమొస్తే పక్కింటివాళ్ళను లేపి డాక్టరును పిలిపించే అలవాటు మన ఊళ్ళలో వుంది. మనిషి రోడ్డు మీద పడినప్పుడు ఆ ఇంటిని ఠాణా దాకా, కోర్టు దాకా నడిపించే అలవాటు కూడా చేసుకుందాం. ఒక్కొక్క ఇల్లు ఒంటరిగా అడిగితే కంపెనీ వినదు. సంఘం వెంట వుండి అడిగితే వింటుంది.